పనస కుంకుమ భరిణె: మూత పట్టేస్తోంది, పైన బీట, పాలిష్ తెల్లబడుతోంది

తిరుగుడుకర్ర (విజయనగరం):

నమస్కారం అండీ. మన వడ్రంగం క్లబ్బు పోటీ ఈసారి సంక్రాంతి దాటాక. విభాగాలు మూడు: లేత్ (చెక్కని గిర్రున తిప్పే యంత్రం) మీద తిప్పిన మూత భరిణె, మేకులూ స్క్రూలూ లేని అతుకుల పెట్టె, చెక్కుడు పని. మొదటి విభాగంలో పనస కుంకుమ భరిణె పెడదామనుకుంటున్నాను. అడ్డం 90 మి.మీ., ఎత్తు 70, గోడ మందం 4. చెక్క నార (పోగులు) కింది నుంచి పైకి నిలువుగా ఉంది.

చెక్క శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు నుంచి వచ్చిన పనస మొద్దు. కొట్టి ఎనిమిది నెలలైంది. మొద్దుగానే ఉంది, కొసలకి ఏమీ పూయలేదు. దాంట్లోంచి నమూనాకి ఒకటి తిప్పి చూశాను. లేత్ మీద ఉన్నప్పుడు మూత చక్కగా కూర్చుంది. రెండు వారాలకి ఒక్క దిశలోనే పడుతోంది, పావు వంతు తిప్పితే పట్టేస్తోంది. మూత పైన నడిమధ్య సన్నటి బీట వచ్చింది. లక్క పాలిష్ పూస్తే మర్నాటికి తెల్లటి మసక కమ్మింది.

దసరా ఇప్పుడే అయింది, చేతిలో మూడు నెలలున్నాయి. ఈ మొద్దుతోనే పని అవుతుందా, వేరే చెక్క చూసుకోవాలా? మూత ఎంత వదులుగా పెట్టాలి? న్యాయనిర్ణేతలు ముందు దేన్ని చూస్తారు? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

చేవగట్టి (బొబ్బిలి):

తిరుగుడుకర్ర గారూ, మూత పట్టడం, పైన బీట, రెండూ ఒకే జబ్బు. చెక్క ఆరలేదు. ఎనిమిది నెలల మొద్దులో పై అంగుళం ఆరితే ఆరి ఉండొచ్చు, లోపలంతా పచ్చి. పలకలుగా కోసి, మధ్యలో పుల్లలు పెట్టి నీడన పేర్చినప్పుడే అంగుళం మందానికి ఏడాది అని వేసుకునే లెక్క. మొద్దుకి ఆ లెక్క కూడా చాలదు. కొసలకి ఏమీ పూయలేదు కాబట్టి కొసల నుంచి నీరు గబగబా పోయి అక్కడ నెర్రెలు లోపలికి పాకి ఉంటాయి. ముందు రెండు కొసల నుంచీ మూడేసి అంగుళాలు కోసి పారేయండి. కోసిన ముఖం మీద తడిగుడ్డ ఒకసారి తుడిస్తే మిగిలిన నెర్రెలు నల్లటి గీతల్లా బయటపడతాయి. అవి పోయేదాకా కోయాల్సిందే.

మూత నడిమధ్య బీట వచ్చిందంటే మీ ముక్క మధ్యలో దవ్వ (మొద్దు నడిమి మెత్తటి భాగం) పడింది. చెక్క ఆరేటప్పుడు వలయాల (మొద్దు కొసన కనిపించే గుండ్రటి గీతల) వెంబడి ఎంత కుంచించుకుంటుందో, దవ్వ నుంచి బెరడు వైపు అందులో సుమారు సగమే కుంచించుకుంటుంది. పొడవునా చూస్తే దాదాపు ఏమీ ఉండదు. చుట్టుకొలత బాగా తగ్గాలని లాగుతుంటే అడ్డం అంత తగ్గనంటుంది. దవ్వ లోపలే ఉన్న ముక్కలో ఆ లాగుడు తీరాలంటే పగలడం తప్ప దారి లేదు. ఎంత నెమ్మదిగా ఆరబెట్టినా ఇది తప్పదు. కాబట్టి మొద్దుని నిలువుగా నాలుగు చీలికలు చెయ్యండి, దవ్వ ఉన్న మూల చెక్కేయండి, బయట తెల్లగా ఉన్న భాగం తీసేయండి. చేవ (లోపలి గట్టి చెక్క)లోంచి 105 మి.మీ. గుండ్రం రావాలంటే మొద్దు అడ్డం 14 అంగుళాలైనా ఉండాలి. అంతకంటే సన్నదైతే భరిణె అడ్డం 70కి తగ్గించుకోండి. దవ్వతో రాజీ పడొద్దు.

ఇక ఒక్క దిశలోనే మూత పడటం సంగతి. మన దగ్గర వానల్లో గాలిలో తేమ 80 శాతం ఉంటే చెక్క 15, 16 శాతం నీటి దగ్గర నిలబడుతుంది. పోటీ హాల్లో ఏసీ ఉండి తేమ 50కి దిగితే 9 దగ్గరికి వస్తుంది. పచ్చి నుంచి పూర్తిగా ఎండే వరకు వలయాల వెంబడి 6 శాతం, అడ్డంగా 3 శాతం కుంచించుకునే చెక్క తీసుకుని లెక్క వేద్దాం. కుంచించుకోవడం 30 శాతం నీటి దగ్గర మొదలవుతుంది. 15.5 నుంచి 9కి దిగితే 90 మి.మీ. అడ్డం ఒక వైపు 1.2 మి.మీ., రెండో వైపు 0.6 తగ్గుతుంది. గుండ్రం కాస్తా కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది, తేడా అర మిల్లీమీటరు దాటుతుంది. ఆరిన చెక్కతో చేసినా ఇంత కదలిక ఉంటుంది. పచ్చిచెక్కయితే ఇంతకు రెండు మూడింతలు. మీ మూతా అడుగూ ఒకే మొద్దులోంచి వచ్చాయి కాబట్టి రెండూ ఒకే వైపుకి సాగాయి. నార కలిసినప్పుడు పడుతుంది, పావు తిప్పితే వెడల్పు వైపు ఇరుకు వైపుకి అడ్డం వస్తుంది.

దీనికి మందు రెండుసార్లు తిప్పడం. మొదటిసారి మొరటుగా: బయట 105, గోడ 10 నుంచి 11 మి.మీ. అడ్డంలో పదో వంతు గోడ అన్నది లేత్ పనివాళ్ల పాత కొలత. ఇంకా మందంగా వదిలితే లోపలా బయటా సమంగా ఆరక పగులుతుంది. పలచగా తిప్పితే వంకరపోయాక గుండ్రం చేయడానికి చెక్క మిగలదు. మూతా అడుగూ అప్పుడే విడదీసి, రెండింటి మీదా ఒకే నిలువు గీత పెన్సిల్‌తో గీసి ఉంచండి. కొసనార కనిపించే చోట్ల, అంటే మూత పైనా, అడుగు కిందా, అంచుల మీదా, మైనం కరిగించి పూయండి. పక్కలకి వద్దు. న్యూస్‌పేపరు రెండు చుట్లు చుట్టి నేలకి తగలకుండా నీడన పెట్టండి. ఫ్యాన్ కింద పెట్టొద్దు, ఎండలో అసలు పెట్టొద్దు.

ఆరిందా లేదా అన్నది తక్కెడ చెబుతుంది. వంటింటి డిజిటల్ కాటా చాలు. వారానికోసారి తూచి ఆ బరువు చెక్క మీదే రాయండి. మొదట్లో వారానికి పదులకొద్దీ గ్రాములు పోతుంది, తరవాత తగ్గుతూ వస్తుంది. వరసగా రెండు వారాలు ఒక గ్రాము లోపే తేడా ఉంటే బయటి గాలితో సమానమైనట్టు. ఈ మందానికి ఆరు నుంచి పది వారాలు పట్టొచ్చు. మీకు మూడు నెలలున్నాయి, ఈ వారమే మొరటు తిప్పుడు అయిపోవాలి. ఒకటి కాదు, నాలుగైదు జతలు తిప్పి పెట్టుకోండి. ఒకటో రెండో పగలడం మామూలే.

రెండోసారి తిప్పేటప్పుడు మూతతో మొదలెట్టండి. మూత లోపలి గూడు 7 మి.మీ. లోతు, గోడలు నిట్టనిలువుగా. అడుగు మీద కుసి (మూతలోకి దూరే అంచు) ఎత్తు 6. ఆ ఒక్క మిల్లీమీటరు ఖాళీ లేకపోతే మూత కుసి తల మీద కూర్చుని అంచు దగ్గర సందు కనిపిస్తుంది. కుసి ఏటవాలుగా వస్తే ఒక్క గీత దగ్గరే పట్టుకుంటుంది, నాలుగుసార్లు తీసి పెట్టేసరికి అరిగి వదులైపోతుంది. వెర్నియర్ కాలిపర్‌తో కుసి మొదట్లోనూ తల దగ్గరా కొలిచి రెండూ ఒకటే అయ్యాక ఆపండి. చివరి 0.2 మి.మీ. వదిలేసి ఆ రాత్రికి అలా ఉంచండి. రుద్దిన వేడికి అంచు తాత్కాలికంగా ఆరి వంకరపోతుంది, వేడి మీద కొలిచిన కొలత మర్నాడు ఉండదు. తెల్లారి చల్లగా ఉన్నప్పుడు చివరి గీత తియ్యండి.

ఇంకో ఉపాయం ఉంది, డిజైన్‌లోనే చేసుకోవాలి. కదలిక అడ్డాన్ని బట్టి పెరుగుతుంది. కుసి 82 మి.మీ. ఉంటే ఎంత కదులుతుందో 55 మి.మీ. ఉంటే అందులో మూడింట రెండొంతులే. భరిణె పొట్ట 90 ఉంచి, మెడ లోపలికి తెచ్చి నోరు చిన్నది చేస్తే మూత గొడవ చాలా మటుకు తీరుతుంది. కుంకుమ భరిణెకి వేలు పట్టేంత నోరు చాలు కదా. చూపుకి కూడా పాత కాలపు భరిణె వాటం వస్తుంది.

మొగలిపొద (శ్రీకాకుళం):

చేవగట్టి గారు చెక్క సంగతి చెప్పేశారు, నేను పాలిష్ సంగతి.

తెల్ల మసక చెక్క లోపం కాదు, వేళ లోపం. లక్క పాలిష్‌లో స్పిరిట్ ఆవిరయ్యేటప్పుడు పై పొర చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ చల్లదనానికి నీరు పట్టి పొరలో ఇరుక్కుంటుంది. మబ్బు రోజున, సాయంత్రం పూట, వాన వెలిసిన వెంటనే పూయకండి. మన తీరంలో ఎండగా ఉన్న రోజు పదకొండు నుంచి మూడు మధ్య పూస్తే దాదాపు రాదు. వచ్చిన మసకని గీకక్కర్లేదు. పొడిగా ఉన్న రోజున మెత్తటి నూలుగుడ్డని స్పిరిట్‌తో కొద్దిగా, పిండితే చుక్క రాలనంతగా తడిపి ఒక్క ఊపులో తుడవండి. పై పొర మళ్లీ కరిగి నీరు బయటికి పోతుంది. ఒకే చోట రెండుసార్లు తుడిచారా, పాలిష్ లేచొస్తుంది.

కలుపుకునే పాళ్లు: లక్క పెచ్చులు 150 గ్రాములు, స్పిరిట్ లీటరు. మీ భరిణెకి అందులో పదో వంతు కలుపుకుంటే బోలెడు. రాత్రంతా నాననిచ్చి పలచటి గుడ్డలో వడగట్టండి. నిలవ పాలిష్ వాడొద్దు. ఆరు నెలలు దాటిన ద్రావణం ఒక్కోసారి ఎంతకీ గట్టిపడదు, వేలిముద్రలు పడుతూనే ఉంటాయి. గాజు ముక్క మీద చుక్క వేసి చూడండి. గంటలో గోరు దిగకుండా గట్టిపడితేనే భరిణె మీదకి తీసుకెళ్లండి.

పనసకి రంధ్రాలు పెద్దవి. నేరుగా పూస్తే చుక్కలు చుక్కలుగా గుంటలు మిగులుతాయి. మొదటి పూత ఆరాక, రెండో పూత తడిగా ఉండగానే 400 నంబరు ఉప్పుకాగితంతో రుద్దితే వచ్చే పొడి, లక్క కలిసి ముద్దయి రంధ్రాల్లోకి పోతుంది. ఆరాక పైది గీకి తీసేసి మూడో పూత వెయ్యండి. అంతకుముందు 120, 180, 240, 320 వరసగా వెళ్లాలి. మధ్యలో ఒకటి ఎగ్గొడితే ముందుదాని గుండ్రటి గీతలు పాలిష్ పడ్డాక అద్దంలో కనపడ్డట్టు కనిపిస్తాయి. ప్రతి నంబరు చివరా లేత్ ఆపేసి నార వెంబడి, అంటే పై నుంచి కిందికి, చేత్తో నాలుగు ఊపులు రుద్దండి.

కుసికీ మూత గూటికీ పాలిష్ పూయొద్దు. మూడు పూతలు రెండు వైపులా పడితే బిగింపు మారిపోతుంది, పైగా లక్క లక్కని అంటుకుని మూత ఊడిరాదు. అక్కడ తేనెమైనం ఒక్కసారి రుద్ది వదిలేస్తే చాలు.

లక్క కడ్డీతో లేత్ మీదే రంగు వెయ్యాలనుకుంటే అది వేరే పద్ధతి. ఏటికొప్పాక బొమ్మల పని అదే, 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తిరుగుతున్న కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది, మొగలి ఆకుతో ఒత్తి పరిస్తే నునుపూ మెరుపూ వస్తాయి. కాకపోతే వాళ్లు వాడేది అంకుడు కర్ర: తెల్లగా, నార సన్నగా, రంధ్రాలు కంటికి ఆననంత చిన్నగా ఉంటుంది. పనస మీద లక్క రంగు కప్పడం ఆ చెక్కకే అన్యాయం, దాని పసుపు చేవే దాని అందం. ఆ పసుపు వెలుతురు తగిలేకొద్దీ తేనె రంగుకి, తరవాత గోధుమ రంగుకి తిరుగుతుంది. అందుకని పోటీ దాకా మూతనీ అడుగునీ కలిపే ఉంచండి. ఒకటి కిటికీ దగ్గరా, ఒకటి అలమరలోనూ ఉంటే రంగు తేడా వచ్చేస్తుంది.

అవిసె నూనె వాడేవాళ్లకి ఒక్క మాట. నూనె గుడ్డలు ఉండ చుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. దండెం మీద విప్పి ఆరెయ్యండి, లేదా నీళ్ల బకెట్‌లో వెయ్యండి.

తిరుగుడుకర్ర (విజయనగరం):

ఇద్దరికీ చాలా థాంక్సండీ. మొద్దు 15 అంగుళాలుంది, రేపే చీలుస్తాను. మెడ చిన్నది చేసే ఆలోచన చాలా నచ్చింది. రెండు సందేహాలు. మొరటుగా తిప్పినవాటిని నీళ్లలో ఉడకబెడితే త్వరగా ఆరతాయంటారు, పనసకి చేయొచ్చా? మూత దగ్గర నార గీతలు అడుగుతో కలవడం లేదు, అక్కడ తెగినట్టు కనిపిస్తోంది. దానికేం చెయ్యాలి?

చేవగట్టి (బొబ్బిలి):

ఉడకబెట్టడం చాలా చెక్కలకి పనికొస్తుంది, అంగుళం మందానికి గంట లెక్క. లోపలి బిగువు సడలి పగుళ్లు తగ్గుతాయి. కానీ పనస పసుపు నీళ్లలో దిగిపోయే రంగు. పూర్వం బౌద్ధ భిక్షువుల వస్త్రాలకి రంగు తీసింది పనస చేవలోంచే. ఉడికిస్తే ఆ రంగంతా గిన్నెలోకి పోయి చెక్క వెలవెలబోతుంది. మీకు టైముంది, వద్దు.

నార తెగడానికి కారణం మధ్యలో పోయిన చెక్క. మూత విడదీసే ఉలి 3 మి.మీ. తినేసింది, కుసి 6 మి.మీ. మూతలోకి దూరింది. మొత్తం 9 మి.మీ. నార కళ్లకి కనపడకుండా పోయింది. విడదీసే ఉలి 1.5 మి.మీ. సన్నది వాడండి, లేదా తెగిన హ్యాక్సా బ్లేడు సానపట్టి పిడి వేసుకోండి. కుసి 4కి తగ్గించండి. మెడ చిన్నదైతే 4 చాలు. అప్పటికీ మిగిలే తేడా కోసం అతుకు దగ్గర సన్నటి గాడి ఒకటి తీస్తే కన్ను అక్కడ ఆగుతుంది, తెగిన నార మీదకి పోదు.

మూలమట్టం (రాజాం):

న్యాయనిర్ణేత ముందు దేన్ని చూస్తారని అడిగారు కదా. ఈ పోటీల్లో బల్ల అవతల కూర్చునేవాళ్లు ముందు చేతిలోకి తీసుకుంటారు, ఆ తరవాతే చూస్తారు. బరువు వేలికి తెలిసిపోతుంది. బయట సన్నగా కనిపించి లోపల అడుగు మూల మందంగా వదిలేసిన భరిణె చేతిలో కిందికి లాగుతుంది. గోడ 4 అయితే అడుగు 5 దాటకూడదు, లోపలి మూల గుండ్రంగా తిరిగి ఉండాలి. మూత తీసి పావు తిప్పి మళ్లీ పెట్టి చూడటం ఖాయం. నాలుగు దిక్కులా పడితే చెక్క ఆరబెట్టిన తీరు తెలిసినట్టే. నార కలిసిన చోట బిగువుగా, మిగతా చోట్ల కొంచెం వదులుగా ఉన్నా తప్పు పట్టరు, పట్టేస్తే మాత్రం పక్కన పెడతారు. కుంకుమ భరిణె ఒంటి చేత్తో తెరుచుకోవాలి. రెండో చేతిలో హారతి పళ్లెం ఉంటుంది కదా. అందుకని అడుగుతో సహా పైకి లేచేంత బిగువు వద్దు, 0.2 నుంచి 0.3 మి.మీ. వదులు పెట్టండి. చివరికి బోర్లించి అడుగు చూస్తారు. చక్ (లేత్ మీద చెక్కని పట్టి ఉంచే భాగం) దవడల గుర్తులు అక్కడ మిగిలి ఉంటే పని సగంలో ఆపినట్టే లెక్క. అడుగు మధ్య పిసరంత లోపలికి తిప్పి ఉంటే బల్ల మీద ఊగదు.

మిగతా రెండు విభాగాల వాళ్లకీ పనికొస్తుందని రాస్తున్నాను.

చెక్కుడు విభాగంలో ఏటా బొబ్బిలి వీణ నమూనాలు వస్తాయి. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి వీణలు ఒకే పనస మొద్దులోంచి కుండా (గుండ్రటి పొట్ట) దండీ (పొడవాటి మెడ) కలిపి తొలిచేవి. మీ నమూనా కూడా ఏకాండీగా ఉంటే దాని విలువే వేరు. దండిని విడిగా అతికించి అతుకు మీద రంగు పూస్తే దీపం పక్క నుంచి పెట్టగానే గీత కనిపిస్తుంది. దండి కొసన ఉండే యాళి (సింహం లాంటి మృగం) ముఖం మీద అందరూ శ్రద్ధ పెడతారు, మెట్ల (తీగని నొక్కే అడ్డకమ్ముల) దగ్గరే దొరికిపోతారు. వీణకి మెట్లు 24. వాటిని స్కేలు పెట్టి సమదూరంలో అతికిస్తే అది వీణ కాదు. మేరువు (దండి పైకొసన తీగలు ఆనే కమ్మి) నుంచి గుర్రం (కుండ మీద తీగలు ఆనే దిమ్మ) దాకా తీగ పొడవు ఎంతో కొలిచి 17.817తో భాగిస్తే మొదటి మెట్టు మేరువు నుంచి ఎంత దూరమో వస్తుంది. అక్కడి నుంచి మిగిలిన పొడవుని మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తే రెండోది, అలా 24 దాకా. తీగ పొడవు 300 మి.మీ. అయితే మొదటి మెట్టు 16.8 దగ్గర, 12వది సరిగ్గా సగంలో 150 దగ్గర, 24వది 225 దగ్గర పడాలి. ఈ మూడు కొలతలూ కుదిరితే మధ్యవి కుదిరినట్టే. స్కేలు పెట్టి కొలిచేవాళ్లుంటారు, నేను కొలుస్తాను. తీగలు ఏడు: దండి మీద నాలుగు, పక్కన తాళానికి మూడు. తీగలు బిగించే బిరడాలు కూడా ఏడే ఉండాలి. ఆరు చెక్కి వదిలేసిన నమూనాలు వస్తుంటాయి, ఎంత నగిషీ ఉన్నా మనసొప్పదు.

అతుకుల పెట్టెలో ఎక్కువగా పగిలేది మూత పలక. 200 మి.మీ. వెడల్పు టేకు పలక వానాకాలానికీ పొడి రోజులకీ మధ్య రెండు మి.మీ. పైనే కదలొచ్చు. దాన్ని నాలుగు వైపులా ఫెవికాల్ పెట్టి చట్రంలో బిగిస్తే చట్రమైనా విడుతుంది, పలకైనా చీలుతుంది. గాడిలో రెండు పక్కలా ఒకటిన్నర మి.మీ. ఖాళీ వదిలి, జిగురు లేకుండా పలకని తేలనివ్వాలి. చట్రం బిగించక ముందే పలకకి పాలిష్ పూర్తి చెయ్యండి. లేకపోతే జనవరిలో పలక కుంచించుకున్నాక అంచున పచ్చి చెక్క గీత బయటపడుతుంది. డవ్‌టైల్ (పావురం తోక ఆకారపు అతుకు) వాలు టేకు, పనసలకి ఎనిమిదికి ఒకటి, మెత్తటి చెక్కకి ఆరుకి ఒకటి. సందుల్లో రంపపు పొట్టూ ఫెవికాల్ కలిపి కూరకండి, పాలిష్ పడగానే అది నల్లటి మచ్చవుతుంది. సందు మరీ ఉంటే అదే పలకలోంచి నార కలిసేలా పలచటి చీలిక తీసి దిగ్గొట్టండి.

మొగలిపొద (శ్రీకాకుళం):

ఉద్దానం చెక్క అన్నారు కాబట్టి ఒకటి చూసుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి అక్కడ పనస, జీడి, కొబ్బరి తోటలు నేలకొరిగాయి. గాలికి బాగా ఊగి నిలిచిన చెట్టు తరవాత కొట్టినా, దాని చెక్కలో ఒక వైపు నారకి అడ్డంగా వెంట్రుకంత మడత గీతలుండొచ్చు. బెరడు మీద ఏమీ తెలియదు. ఒక ముఖం చిత్రిక పట్టి ఏటవాలు వెలుతురులో చూస్తే సన్నటి ముడతల్లా కనిపిస్తాయి. గోడ 4 మి.మీ.కి వచ్చేసరికి ఆ గీత దగ్గరే బిస్కెట్టులా విరుగుతుంది, అదీ లేత్ తిరుగుతుండగా. చీల్చిన నాలుగు ముక్కలకీ ఒక్కో ముఖం చిత్రిక పట్టి చూశాకే మొరటు తిప్పుడు మొదలెట్టండి. ముఖానికి రక్షణ అద్దం, ముక్కుకి మాస్కు మరవకండి, పనస పొడి సన్నగా ఎగురుతుంది.

తిరుగుడుకర్ర (విజయనగరం):

అలాగేనండీ. ఐదు జతలు తిప్పి, మైనం పూసి, మొదటి బరువులు ఇక్కడే రాస్తాను. మూలమట్టం గారూ, భరిణె లోపల కూడా పాలిష్ వెయ్యాలా, పచ్చిగా వదలాలా?

మూలమట్టం (రాజాం):

లోపల రెండు పలచటి పూతలు వెయ్యండి. పచ్చిగా వదిలితే కుంకుమ రంధ్రాల్లోకి దిగి మళ్లీ పోదు. పైగా బయట ఒక్కవైపే పూత ఉంటే తేమ లోపలి నుంచి పీల్చుకుని గోడ వంకరపోతుంది. పూత పూర్తిగా గట్టిపడి స్పిరిట్ వాసన పోయేదాకా, కనీసం వారం, మూత పెట్టకండి.